పాత కుందేలు, కొత్త కుందేలు, మధ్యలో హద్దు తగాదా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా ఒంటరిగా పెరిగిన ఆడ కుందేలు చిట్టి. దానికి తోడుంటుందని నాలుగు నెలల మగ కుందేలు బబ్లూని తెచ్చి, ఆ సాయంత్రమే చిట్టి బోనులో వదిలారు. రెండు నిమిషాలు గడవకముందే రెండూ బంతిలా చుట్టుకుపోయి కొట్టుకున్నాయి. గుప్పెడు బొచ్చు ఊడింది, బబ్లూ చెవికి గాటు పడింది, విడదీయబోయిన మీ చేతికీ పడింది. రెండింటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు. బబ్లూని తిరిగి ఇచ్చేయాలా, మళ్లీ కలిపి చూడొచ్చా, ఒకవేళ కలిస్తే చిట్టి మీ దగ్గరికి రావడం మానేస్తుందా అన్నవి మీ సందేహాలు.

ఇచ్చేయకండి. ఇప్పుడే అయితే అసలు వద్దు. నేను 14 ఏళ్లుగా కుందేళ్లను పెంచుతున్నాను. ఆరు జతలను కలపడానికి ప్రయత్నించాను, నాలుగు కుదిరాయి, రెండు కుదరలేదు. మీరు చేసిన పొరపాటు మొదటిసారి నేనూ చేశాను, మీకన్నా ఘోరంగా చేశాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ రోజు చేయాల్సిన పనులు మూడున్నాయి.

మొదటిది, రెండింటినీ వేర్వేరు గదుల్లో పెట్టి ఒళ్లంతా తడిమి చూడండి. చెవి గాటు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాంతో అంత భయం లేదు. బొచ్చు కింద దాక్కున్న చిన్న పంటి గాటే ప్రమాదం. కుందేలు చర్మం చాలా పలచన, పైన పుండు మానినట్టు కనిపిస్తూనే లోపల చీముగడ్డ కడుతుంది. వాటి చీము మన చీములా కారిపోదు, వెన్నముద్దలా గట్టిగా ఉంటుంది, చాలాసార్లు కోసి తీయాల్సిందే. మెడ, వీపు, తొడలు, తోక చుట్టూ, మర్మాంగాల దగ్గర బొచ్చు పాయలు తీసి చూడండి, పది పదిహేను రోజుల పాటు గడ్డలేమైనా తగులుతున్నాయేమో తడుముతూ ఉండండి. ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయొద్దు. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, ప్రాణం మీదకే వస్తుంది. కుందేళ్లను చూసిన అనుభవం ఉన్న వెట్ డాక్టర్ దగ్గరికే వెళ్లండి. మీ చేతి గాయం కూడా సబ్బుతో బాగా కడిగి డాక్టర్‌కి చూపించుకోండి.

రెండోది, రెండూ మేత తింటున్నాయా, పెంటికలు వేస్తున్నాయా చూసుకోండి. భయపడ్డ కుందేలు తినడం మానేస్తుంది, తినడం మానేస్తే పేగుల కదలిక ఆగిపోతుంది. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అది ఎమర్జెన్సీయే.

మూడోది కొంచెం ఇబ్బందికరమైన విషయం. నాలుగు నెలల మగ కుందేలుకు పిల్లలు పుట్టించే శక్తి వచ్చేసి ఉండొచ్చు. వాటి సంగమానికి కొన్ని సెకన్లు చాలు, ఆడ కుందేలుకు అండం విడుదలయ్యేది కూడా ఆ సంగమం వల్లే. కాబట్టి ఆ సాయంత్రం తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. చూలు నిలిస్తే దాదాపు 30, 32 రోజుల్లో ఈనుతుంది. రెండు వారాలకు డాక్టర్ కడుపు తడిమి చెప్పగలరు. ఒక్కోసారి చూలు లేకపోయినా పదహారు, పదిహేడు రోజులకు చిట్టి తన బొచ్చు తానే పీక్కుని గూడు కట్టొచ్చు. అది ఉత్తుత్తి చూలు, దానంతటదే పోతుంది. కాకపోతే ఆ రోజుల్లో దాని కోపం మామూలుగా ఉండదు.

ఇక నా ఘనకార్యం. నా మొదటి రెండు కుందేళ్లను అమ్మినతను రెండూ ఆడవే అన్నాడు. నమ్మాను. చిన్నప్పుడు వాటిని ఆడా మగా పోల్చుకోవడం అలవాటున్నవాళ్లకే కష్టం. ఒకే బోనులో పెట్టాను, రెండు నెలలు ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోయేవి, చూసి మురిసిపోయాను. ఆ తర్వాత ఒక పొద్దున ట్రేలో ఐదు పిల్లలు! వాటిని చూసిన కంగారులో తండ్రిని విడదీయడం మర్చిపోయాను. ఆడ కుందేలు ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదని నాకెవరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి ఇంకో ఆరు. అప్పుడు నేర్చుకున్నాను, డాక్టర్‌తో చూపించి నిర్ధారించుకోనిదే 'రెండూ ఆడవే' అన్న మాట నమ్మకూడదని. బబ్లూ మగదేనని కూడా ఒకసారి ఖాయం చేసుకోండి.

సరే, అవి ఎందుకు కొట్టుకున్నాయి? చిట్టికి బబ్లూ నచ్చలేదనో, మీ ప్రేమ పంచుకోవాల్సి వస్తుందని కుళ్లుకుందనో అనుకోవద్దు. ఇది హద్దు తగాదా. పెంపుడు కుందేళ్ల పూర్వీకులు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికేవి. గుంపులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది తేలి ఉండేది. బయటినుంచి కొత్తది వస్తే తరిమేసేవి. చిట్టి రెండేళ్లుగా ఆ బోను మూలమూలకీ గడ్డం రుద్ది, పెంటికలు వేసి, తన వాసనతో పట్టా రాయించుకుంది. గడ్డం కింద వాటికి వాసన గ్రంథులుంటాయి లెండి. అలాంటి చోట మీరు ఒక్కసారిగా పరాయి మగ వాసనను తెచ్చి పడేశారు. దాని కళ్లతో చూస్తే బబ్లూ పొలంలోకి గట్టు దాటి వచ్చినవాడు. మీరు బోను మార్చినా, మేత మార్చినా, రెండింటికీ చెరో బొమ్మ కొనిపెట్టినా తగాదా తీరదు. హద్దు అనే మాటే లేని చోట వాటిని కలపాలి, అంతకంటే ముందు ఒంట్లో హార్మోన్ల పొగరు దిగాలి.

అందుకని ముందు ఆపరేషన్. రెండింటికీ. మగదానికే చేయిస్తే పిల్లలు పుట్టరు కదా అని చాలామంది ఆడదాన్ని వదిలేస్తారు. పిల్లలు పుట్టరు, నిజమే, కానీ ఎదకు వచ్చినప్పుడల్లా అది తగాదా పెట్టుకుంటూనే ఉంటుంది. పైగా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు మీద పడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. కాబట్టి చిట్టికి ఎలాగూ మంచిదే. ఎవరైనా 'రాత్రంతా కడుపు మాడ్చి తీసుకురండి' అంటే ఒకసారి ఆగి అడగండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని కుక్కలా, పిల్లిలా గంటలకొద్దీ పస్తు పెట్టాల్సిన పని లేదు, పెడితే పేగులకే చేటు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆ డాక్టర్‌కి కుందేళ్ల అనుభవం ఎంతో మీకు తెలిసిపోతుంది.

ఆపరేషన్ అయిన మర్నాడే కలిపేయకండి. మగదానికి ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లలు పుట్టించే అవకాశం ఉంటుంది. ఆడదానికి కుట్లు మానినా హార్మోన్లు చల్లబడడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. కాబట్టి ఆరు వారాలు లెక్కపెట్టుకోండి. ఈ ఆరు వారాలూ వృథా పోవు, అసలు పనిలో సగం అప్పుడే అవుతుంది.

మొదటి రెండు వారాలు బబ్లూ పూర్తిగా వేరే గదిలో ఉండాలి. కొత్తగా వచ్చినది తుమ్ములో, గజ్జి పురుగులో, విరేచనాలో వెంట తెచ్చి ఉండొచ్చు. ముందు చిట్టి పని చూసుకుని, తర్వాత బబ్లూ దగ్గరికి వెళ్లండి, చేతులు కడుక్కోండి. పురుగులు కనిపిస్తే కుక్కలకు వాడే స్ప్రేలు తెచ్చి కొట్టకండి. వాటిలో ఫిప్రోనిల్ ఉంటే కుందేలు చచ్చిపోయే ప్రమాదముంది.

రెండు వారాలు దాటాక రెండు బోన్లనూ ఒకే గదిలోకి తెండి. మధ్యలో అర అడుగు ఎడం తప్పనిసరి. జాలీకి జాలీ ఆనించి పెడితే మూతులు కొరుక్కుంటాయి, పెదవి తెగిన కుందేలుని చూశాను నేను. ఇక్కడ మీకో వింత కనిపిస్తుంది. రెండూ తమతమ బోన్లలో, సరిగ్గా అవతలిది ఉన్న వైపే, వరసగా పెంటికలు పేర్చుకుంటూ పోతాయి. ట్రే అలవాటున్న కుందేలు కూడా అన్నీ మర్చిపోయినట్టు చేస్తుంది. తిట్టకండి, అవి హద్దురాళ్లు. నాకైతే ఆ వరసే థర్మామీటర్. రోజులు గడిచేకొద్దీ ఆ వరస పలచబడి, మళ్లీ ట్రేలోకి వెళ్లడం మొదలైతే గొడవ చల్లబడుతోందని అర్థం.

ఆ వారాల్లో రోజు విడిచి రోజు వాటి ట్రేలు, పరుపులు మార్చండి. ఆ తర్వాత కుందేళ్లనే మార్చండి, చిట్టిని బబ్లూ బోనులో, బబ్లూని చిట్టి బోనులో. మొదటిరోజు చిట్టి కాళ్లు నేలకేసి ధనధనా కొడుతుంది, ట్రే తిరగేస్తుంది, గంటసేపు అలుగుతుంది. అలగనివ్వండి. వారం పోయేసరికి ఏ వాసన ఎవరిదో తేల్చుకోలేని స్థితి రావాలి, మనకు కావాల్సింది అదే. ఆకుకూరలు పెట్టేటప్పుడు రెండు గిన్నెలూ మధ్య ఎడానికి దగ్గరగా పెట్టండి. ఒకదానికొకటి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా తింటున్నాయంటే, తిన్నాక అక్కడే ఒళ్లు వాల్చి పడుకుంటున్నాయంటే, ముఖాముఖికి సిద్ధమైనట్టే. పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటున్నాయంటే (ఈ సామెత పుట్టించినవాళ్లు కుందేళ్లు పెంచే ఉంటారు) ఇంకో వారం ఆగండి.

మొదటి ముఖాముఖి చిట్టి ఎప్పుడూ అడుగు పెట్టని చోట జరగాలి. చాలా ఇళ్లలో అది స్నానాల గది, లేదా ఒక నడవా. నేల జారితే వాటికి ఇంకా భయం, కాబట్టి దుప్పటి పరచండి. నాలుగైదు అడుగుల చదరం చాలు. మరీ ఇరుకైతే తప్పుకునే దారుండదు, మరీ విశాలమైతే తరుముడు మొదలవుతుంది. మూలల్లోకి తరిమి ఇరికించే సొరంగాలు, ఒకే ద్వారమున్న పెట్టెలు వద్దు. మధ్యలో ఎండుగడ్డి కుప్ప ఒకటి వేయండి. తెల్లవారుజామున, సాయంత్రం వాటికి హుషారెక్కువ కాబట్టి నేను మధ్యాహ్నం పూట, అవి మగతగా ఉన్నప్పుడే మొదలుపెడతాను. చేతికి మందపాటి గ్లౌజులు, పక్కన చెత్త ఎత్తే చేట. కొట్లాటలో చేట అడ్డం పెట్టాలి, చెయ్యి కాదు. కుందేలుకి సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు, అక్కడికి దూసుకొచ్చిన మీ వేలు దానికి శత్రువు మూతిలాగే ఉంటుంది. మీ చేతి గాటు కూడా అలా పడిందే అయ్యుంటుంది.

ఇప్పుడు ఏం చూడాలో చెప్తాను. అందరూ తడబడేది ఇక్కడే.

ఒకటి ఇంకోదాని మీదకి ఎక్కుతుంది. ఇది సంగమం కాదు, నేను పైన, నువ్వు కింద అని తేల్చుకోవడం. ఆడది మగదాని మీద ఎక్కినా వింత లేదు, చిట్టి ఖచ్చితంగా ఎక్కుతుంది. కిందది ఓపిగ్గా ఉన్నంతవరకు పది, పదిహేను సెకన్లు ఎక్కనిచ్చి మెల్లగా దింపండి. కానీ తలవైపు నుంచి ఎక్కితే ఒక్క క్షణం కూడా ఆగకండి, వెంటనే తిప్పండి. కిందదాని నోటికి అందేది పైదాని మర్మాంగం, కొరికితే కలిగే గాయం ఘోరంగా ఉంటుంది.

కొంచెం తరమడం, చిన్నగా బొచ్చు పీకడం, ఉష్ అని కసరడం మామూలే. వాటికి భయపడి ప్రతిసారీ విడదీస్తే తేల్చుకోవాల్సింది తేలకుండానే మిగిలిపోతుంది. మా ఇంట్లో చెడిన రెండు జతల్లో ఒకటి అచ్చంగా నా భయం వల్లే చెడింది. చెవులు వీపుకి అంటించి, తోక నిక్కబొడుచుకుని ఒకదాని తోక దగ్గర ఇంకొకటి తల పెట్టి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే మాత్రం అది వేరే సంగతి. ఆ గుండ్రం రెండో చుట్టు తిరిగేలోగా చేట అడ్డం పడాలి. మీరు చూసిన బంతి కొట్లాటకు ముందు మెట్టు అదే.

మంచి గుర్తులు ఇంత నాటకీయంగా ఉండవు, అందుకే మనం గమనించం. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఎవరి ఒళ్లు వాళ్లు నాక్కోవడం చాలా మంచి గుర్తు. పక్కన శత్రువుంటే ఎవరూ తీరిగ్గా ముఖం కడుక్కోరు. ఒకటి తల నేలకి ఆనించి ఇంకోదాని మూతి కిందకి తోస్తుంది. చూసేవాళ్లకు లొంగిపోయినట్టు అనిపిస్తుంది, నిజానికి అది ఆజ్ఞ. 'నా నుదురు నాకు' అంటోంది. అవతలిది నాకిందా, సగం పని అయిపోయింది. రెండూ తల వంచి, రెండూ నాకకుండా మొండికేస్తే, మీరే రెండు నుదుళ్లూ ఒకేసారి నిమరండి. ఎదుటిదే నాకుతోందని అవి నిజంగా నమ్ముతాయో లేదో గానీ, రెండూ ఒకే చోట కదలకుండా హాయిగా ఉండటం అలవాటవుతుంది.

మొదటిరోజు పది నిమిషాలు చాలు. గొడవ జరిగిన క్షణంలో కాకుండా, రెండూ ప్రశాంతంగా ఉన్న క్షణంలో ఆపండి. రోజూ కొంత పెంచుకుంటూ, గంటల్లోకి రండి. ప్రతిసారీ తర్వాత ఒళ్లు తడిమి చూడండి. రాత్రిళ్లు మాత్రం చివరి దశ దాకా వేరుగానే ఉంచండి.

పద్ధతుల విషయంలో ఒక మాట. రోజుకు కాసేపు కలపాలనేవాళ్లు ఒక వర్గం, రెండు మూడు రోజులు పక్కనే కాపలా కూర్చుని ఒకేసారి తేల్చేయాలనేవాళ్లు ఇంకో వర్గం. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. రెండు దారుల్లోనూ కలిసిన జతలను చూశాను. రెండో దారికి నిద్ర మానుకుని కూర్చునే మనిషి ఉండాలి, కొత్తవాళ్లకు నేను చెప్పను. నాకు అస్సలు నచ్చనిది మాత్రం ఒకటుంది. రెండింటినీ ఒక బుట్టలో వేసి కారులో తిప్పితే భయంతో అతుక్కుపోతాయి, అదే స్నేహమవుతుందంటారు. మా మిరియం, పిండి అనే జత మీద అది చేసి చూశాను. కారులో కావలించుకున్నంత పని చేశాయి. ఇంటికొచ్చిన అరగంటకి మళ్లీ కొట్టుకున్నాయి, పైగా పిండి ఆ రోజంతా మేత ముట్టలేదు. ఆ జత చివరికి కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకో జత తొమ్మిది రోజుల్లో కుదిరింది. కాబట్టి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే నా దగ్గర అంకె లేదు.

వరుసగా రెండు రోజులు, రాత్రి కూడా కలిపి, ఆ కొత్త చోటే గొడవ లేకుండా గడిపాకే అసలు ఇంటికి మార్చండి. మార్చేముందు చిట్టి బోనును నీళ్లు కలిపిన వెనిగర్‌తో మూలమూలలా తుడవండి, ట్రే ఉన్న చోటు, గిన్నె ఉన్న చోటు మార్చేయండి. తిరిగొచ్చిన చిట్టి 'ఇది ఎవరిల్లు' అని తడబడాలి. అన్నీ రెండేసి పెట్టండి, ట్రేలు, నీళ్ల గిన్నెలు, ఎండుగడ్డి కుప్పలు. దాక్కునే అట్టపెట్టెలకు రెండేసి దారులు కోయండి. మొదట చిన్న జాగా ఇచ్చి, రోజులు గడిచేకొద్దీ పెంచండి. ఒకేసారి ఇల్లంతా వదిలితే పాత తగాదా కొత్త మూలలో లేస్తుంది.

కలిశాక విడదీయకండి. ఒకదానికి ఒంట్లో బాలేక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెండోదాన్ని కూడా తీసుకెళ్లండి. ఆసుపత్రి వాసనతో ఒంటరిగా తిరిగొచ్చినదాన్ని రెండోది గుర్తుపట్టనట్టు తరిమేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఎంత చేసినా కుదరకపోతే? మా ఇంట్లో చెడిన రెండు జతల్లో రెండోది అలాగే మిగిలింది. మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచాను, ఆరేళ్లు అలాగే బతికాయి. మధ్యాహ్నాలు జాలీకి చెరోవైపూ వీపులు దగ్గరగా పెట్టుకుని పడుకునేవి. చోటు ఎక్కువ కావాలి, పని రెట్టింపు, అంతే.

చిట్టి మీ దగ్గరికి రావడం మానేస్తుందా అన్నారు. నిజం చెప్పాలంటే మొదట్లో కొంత తగ్గుతుంది. ఇన్నాళ్లూ దాని చెవి వెనక నిమరడానికి మీరొక్కరే దిక్కు, ఇక ఆ పనికి రోజంతా పక్కనే ఉండే మనిషి దొరికాడు. నాకు రెండు నెలలు పట్టింది అలవాటు పడటానికి. అయితే ఆకుకూర గిన్నె చప్పుడైతే ఇప్పటికీ రెండూ పరుగెత్తుకొస్తాయి. భయస్తురాలైన పిండి మిరియం వెనకాల దాక్కుని మరీ వస్తుంది. ఒంటరిగా ఉన్న రోజుల్లో అది నా చేతిదాకా ఎప్పుడూ రాలేదు.

బబ్లూ చెవి గాటు వాచినా, వేడిగా తగిలినా ఆపరేషన్ తేదీ దాకా ఆగకుండా రేపే చూపించండి. హద్దురాళ్ల వరస ఎలా ఉందో రెండు వారాలయ్యాక రాయండి.